అండమాన్ ఉప్పుగాలిలో ఒలింపస్ టఫ్ టీజీ-6

విశాఖపట్నం నుంచి ఓడలో మొదటిసారి అండమాన్ వెళ్లినప్పుడు నా భుజాన బరువైన కెమెరా సంచి ఉండేది. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను తెల్లవారి బయటికి తీయగానే లెన్స్ అద్దం నిండా చెమ్మ కమ్ముకునేది. తిరిగివచ్చిన కొన్ని నెలలకు ఆ లెన్స్‌లో బూజు తీగలు కనిపించాయి. వానను గొడుగు ఆపుతుంది గాని, గాలిలోని తేమను ఆపడానికి కెమెరానే ఆ తేమకు తగినట్టుగా ఎంచుకోవాలని అప్పుడు తెలిసింది. అందుకే రెండోసారి ఒలింపస్ టఫ్ టీజీ-6 ఒక్కటే వెంట తీసుకువెళ్లాను.

2019లో వచ్చిన ఈ కెమెరా బరువు బ్యాటరీతో కలిపి సుమారు 250 గ్రాములు. 15 మీటర్ల లోతు నీటిని, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడిన దెబ్బను తట్టుకునేలా దీన్ని రూపొందించారు. లెన్స్ ముందు రెండు పొరల అద్దం ఉండడం వల్ల లోపల ఆవిరి పట్టడం తగ్గుతుంది. అయినా ఏసీ గది నుంచి బయటికి తెచ్చేటప్పుడు దానిని మూతబిగించిన జిప్ సంచిలోనే అరగంట ఉంచి, బయటి వేడికి అలవాటు పడనిచ్చాను.

దీని విలువ నాకు పూర్తిగా అర్థమైంది షహీద్ ద్వీప్‌లో, అంటే ఒకప్పటి నీల్ ద్వీపంలో. లక్ష్మణ్‌పూర్ తీరంలోని సహజ రాతి వంతెన దగ్గరికి సముద్రం పాటు మీద, అంటే నీరు వెనక్కి తగ్గి ఉన్నప్పుడే నడిచి వెళ్లాలి. అక్కడి రాళ్ల గుంటల్లో నిలిచిన నీటిలో పగడాలూ, చిన్న పీతలూ, సముద్రపు దోసకాయలూ కనిపిస్తాయి. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్‌ను ఒక సెంటీమీటరు దూరం దాకా దగ్గరికి పెట్టి వాటిని చిత్రించగలిగాను. కెమెరా ఒక చేతిలోనే ఇమిడిపోవడంతో రెండో చేయి ఊతకర్రకు మిగిలింది, చూపు అడుగుల మీద నిలిచింది. ఆ సముద్రాల్లో రాయిలాగే కనిపించే విషపు స్టోన్‌ఫిష్ ఉంటుంది కనుక మందపాటి అడుగున్న బూట్లు లేకుండా ఆ గుంటల్లో దిగకూడదు. ఫొటోల ధ్యాసలో పోటు మొదలైన సంగతి మరిచిపోవడం అంతకంటే ప్రమాదం. పాటు, పోటు వేళలను ముందురోజే స్థానికులను అడిగి రాసిపెట్టుకున్నాను.

మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి; హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎంత మంచి దృశ్యమైనా వదులుకోవలసిందే. బారాటాంగ్ దారిలో జారవా అనే ఆదిమ తెగవారిని ఫొటో తీయడం చట్టరీత్యా నేరం కాబట్టి ఆ దారి పొడవునా కెమెరాను సంచిలోంచి తీయలేదు.

ఈ కెమెరా నీటిరక్షణ అంతా బ్యాటరీ, కేబుల్ పెట్టే చోట్ల తలుపుల చుట్టూ ఉన్న సన్నని రబ్బరు పట్టీల మీద ఆధారపడి ఉంది. ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీరు లోపలికి చేరవచ్చు. కనుక పొడిచేతులతో మాత్రమే తెరవాలి, మూసేముందు పట్టీని కళ్లారా చూసుకోవాలి, సముద్రంలో దించిన ప్రతిసారీ మంచినీటిలో నానబెట్టి ఆరబెట్టాలి. మరో మాట: దోమలకు, ఇసుక ఈగలకు రాసుకునే మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది. మందు మానడం తెలివి కాదు, డెంగీ ముప్పు నిజమైనదే. రాసుకున్నాక చేతులు కడుక్కుని కెమెరాను పట్టుకుంటే చాలు.

పరిమితులు చిన్నవి కావు. వెలుతురును పట్టే సెన్సర్ 1/2.3 అంగుళాల చిన్నదే కావడం వల్ల అడవి నీడలోనూ, సాయంత్రం వేళల్లోనూ చిత్రాల్లో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, కనిపిస్తుంది. నీటిలో జారితే ఇది తేలదు, కాబట్టి తేలే పట్టీ విడిగా కొనవలసిందే. జూమ్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా లెక్కలో 100 మిల్లీమీటర్లకు సమానమైన చోట ఆగిపోతుంది గనుక చిడియా టాపులో పక్షుల కోసం వెళ్లేవారికి ఇది చాలదు. వారు పొడవైన లెన్స్, వానతొడుగు, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాల బరువు మోయక తప్పదు. రీఫ్ (పగడాల దిబ్బ) చూడాలనుకునే వారు మాత్రం 2023లో వచ్చిన టీజీ-7ను కూడా చూడండి. అందులో యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉంది, ఫోన్ ఛార్జర్‌తోనే పని జరుగుతుంది.