స్నోఫ్లేక్ ఈలా, పీకాక్ ఈలా: మంచినీళ్ళ ట్యాంకుకు ఏది మేలు?

బెజవాడ, గుంటూరు అక్వేరియం షాపుల్లో ‘ఫ్రెష్‌వాటర్ ఈల్’ (మంచినీటి ఈల్) పేరుతో అమ్మే, పాములా పొడవుగా ఉండే చేపల గురించి చాలామంది అడుగుతున్నారు. అందరిదీ ఒకటే సందేహం: మచ్చల స్నోఫ్లేక్ ఈల్ కొనాలా, పీకాక్ ఈల్ కొనాలా? షాపులో రెండూ మామూలు నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి అందం, ధర చూసి తేల్చేసుకుంటున్నారు. నేను మాత్రం ముందు ఉప్పు సంగతి చూడమంటాను.

స్నోఫ్లేక్ అని అమ్మే ఈ చేప మోరే అనే ఈల్ కుటుంబానిది, శాస్త్రీయ నామం జిమ్నోథొరాక్స్ టిలే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపల్లో దీన్ని చేర్చాడు. అలాగని ఇది నది చేప కాదు. నది సముద్రంలో కలిసే చోట, పోటుకూ పాటుకూ ఉప్పు మారే బురదల్లో బతుకుతుంది. మనవైపు చెప్పాలంటే కొల్లేటి ఉప్పుటేరు సముద్రాన్ని చేరే చోటులాంటిది. ఉప్పు తగ్గినా కొంతకాలం ఓర్చుకునే శరీరం దానిది. అందుకే షాపులో నిక్షేపంగా కనిపిస్తుంది, మన ఇంట్లోనూ కొన్ని వారాలో నెలలో బాగానే ఉంటుంది. తర్వాత తిండి మానేస్తుంది, చర్మం మీద తెల్లటి పొర వస్తుంది, ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. యజమాని రోగమనుకుని మందు పోస్తాడు. దానికి కావాల్సింది మాత్రం ఉప్పు. ఓర్చుకోవడాన్ని అలవాటు పడటంగా చూపించి అమ్మడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

“మా బోరు నీళ్ళు ఎలాగూ ఉప్పునీళ్ళే కదా, సరిపోవా?” అని కొందరు అడుగుతారు. సరిపోవు. మనం ఉప్పునీళ్ళనే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చిన కఠినత్వం కూడా ఉంటుంది. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ 1500 చూపించినా లీటరుకు ఒకటిన్నర గ్రాముల లవణాలే. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాములు. ఈ మోరేకి హైడ్రోమీటర్ (నీటి సాంద్రతను బట్టి ఉప్పు చెప్పే పరికరం) మీద కనీసం 1.005, ఇంకా నయం 1.010 చూపించే నీళ్ళు కావాలి, అంటే లీటరుకు 7 నుంచి 13 గ్రాములు. అది కూడా అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు, అంటే మెరైన్ సాల్ట్‌తో కలపాలి, వంట ఉప్పుతో కాదు. ఆ నీళ్ళలో మీ టెట్రాల్లాంటి చిన్న మంచినీటి చేపలు, మొక్కలు బతకవు. దానికి విడిగా ఒక ట్యాంకు పెట్టగలిగితే నిశ్చింతగా కొనండి, అద్భుతమైన చేప. లేదంటే వద్దు.

పీకాక్ ఈల్ అలా కాదు. మనం పులుసు పెట్టుకునే బొమ్మిడాయికి ఇది దగ్గరి చుట్టం. శాస్త్రం లెక్కన అసలు ఈల్ కాదు గానీ నదుల్లో, చెరువుల్లో మంచినీళ్ళలోనే పుట్టి పెరిగేది. క్లోరిన్ పోగొట్టిన కృష్ణ కుళాయి నీళ్ళు దీనికి చాలు. సుమారు అడుగు వరకు పెరుగుతుంది కాబట్టి మూడడుగుల ట్యాంకు ఉండాలి. అడుగున సన్న ఇసుకే వేయండి. ఒళ్ళంతా అందులో దూర్చుకుని ముక్కు మాత్రం బయట పెట్టడం దీని అలవాటు, గరుకు రాళ్ళయితే చర్మం గీరుకుని పుండ్లు పడతాయి. పెల్లెట్లు (గుళికల మేత) సాధారణంగా ముట్టదు. ఎర్రలు, బ్లడ్‌వర్మ్స్ అనే చిన్న ఎర్రటి పురుగులు, సన్నగా తరిగిన రొయ్య ముక్కలు రాత్రి లైటు తీసేశాక వేయాలి. మూతలో వేలు దూరేంత సందున్నా బయటికి పాకి నేల మీద చనిపోతుంది. రాగి కలిసిన మందులు దీనికి ప్రమాదం. ఇవన్నీ మన చేతిలో ఉన్న జాగ్రత్తలే. అందుకే మామూలు ట్యాంకున్న ఎవరికైనా నేను దీన్నే చెబుతాను.

ఫైర్ ఈల్, టైర్ ట్రాక్ ఈల్ కూడా మంచినీటివే, కానీ రెండడుగులు దాటే చేపలకు ఇంట్లో చోటు దొరకడం కష్టం. రోప్ ఫిష్ ఆఫ్రికా చేప, ఈల్ కాకపోయినా మంచినీళ్ళకు సరిపోతుంది.

షాపులో పేరు నమ్మకండి, రెక్కలు చూడండి. మొప్పల వెనక రెండువైపులా చిన్న రెక్కలు ఆడుతూ, మూతి మొనదేలి ఉంటే బొమ్మిడాయి కుటుంబం. ఆ రెక్కలే లేకుండా, లావుపాటి తలతో నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే మోరే. పీకాక్ అని తేలాక కూడా మీ ముందే ఒక ఎర్ర వేయించండి. తినకుండా, వెన్ను సన్నబడి కనిపిస్తే ఆ చేప తీసుకోవద్దు.