దెయ్యాన్ని చూపిస్తే భయమా, దాచిపెడితే భయమా?

హారర్ సినిమా చూసొచ్చినవాళ్లని "ఎలా ఉంది?" అని అడిగితే రెండు రకాల జవాబులొస్తాయి. కొందరు "దెయ్యం గెటప్ అదిరింది" అంటారు. ఇంకొందరు "అసలు దెయ్యాన్నే సరిగ్గా చూపించలేదు, టికెట్ డబ్బులు దండగ" అంటారు. ఆ రెండోవాళ్లు తిట్టుకునే సినిమాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. కాబట్టి నా ఓటు ఎటో ముందే చెప్పేస్తున్నా. అయితే చూపించే సినిమాల్ని తీసిపారేయడానికి కూడా లేదు, అక్కడా గట్టి పిండాలున్నాయి.

ఈ రెండింటి మధ్యలోకి దూరే జంప్ స్కేర్ సంగతి ముందు తేల్చేద్దాం. అంతా నిశ్శబ్దం, అద్దంలో మొహం, ఢామ్మని సౌండ్. వెనకనుంచి ఎవరైనా స్టీలు పళ్లెం కింద పడేసినా అలాగే ఉలిక్కిపడతాం. దానికి కథతో పని లేదు. రెండోసారి చూసేటప్పుడు ఎక్కడొస్తుందో తెలిసిపోతుంది కాబట్టి ముందే చెవులు మూసుకుంటాం.

దాని పుట్టుక మాత్రం చాలా తెలివైనది. 1942లో వాల్ లూటన్ నిర్మించగా జాక్ టూర్నర్ తీసిన ‘క్యాట్ పీపుల్’లో ఒకమ్మాయి రాత్రిపూట న్యూయార్క్ సెంట్రల్ పార్క్ గోడ వెంబడి ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. కాస్త వెనకగా ఇంకో ఆడమనిషి. ఆవిడకి కోపమొస్తే చిరుతగా మారిపోతుందేమోనని మనకి అనుమానం. రెండు జతల హైహీల్స్ టకటకమంటుంటాయి. ఉన్నట్టుండి ఒక జత చప్పుడు ఆగిపోతుంది. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నడక వేగం పెరుగుతుంది, పరుగవుతుంది. ఏ చెట్టు మీదనుంచి ఏం దూకుతుందో అని మనం బిగుసుకుపోయి ఉండగా, పక్కనుంచి బుస్సుమంటూ సిటీ బస్సొచ్చి ఆగుతుంది. అంతే! ఈ ట్రిక్కుకి సినిమావాళ్లు ‘లూటన్ బస్’ అని పేరే పెట్టేశారు. గుండెదడ మొదలైంది మాత్రం ఆ అడుగుల చప్పుడు ఆగిపోయినప్పుడే. ఇప్పుడొచ్చే చాలా సినిమాల్లో బస్సు ఉంటుంది, ఆ నడక ఉండదు.

ఇక దాచిపెట్టే పద్ధతి. ఒక్కోసారి అది గతిలేక పుట్టింది. ‘జాస్’ (1975) కోసం చేయించిన యాంత్రిక సొరచేప సముద్రపు ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించేది. దాంతో స్పీల్‌బర్గ్ సొరచేప లేకుండానే సొరచేప సీన్లు తీసుకోవాల్సొచ్చింది. నీళ్లమీద పరిగెత్తే పసుపు పీపాలు, జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతం. చేప సరిగ్గా కనబడేది గంట దాటాకే. అప్పటికి నీళ్లంటేనే భయం పట్టుకుంటుంది, అది ఎలా ఉన్నా ఒకటే. నిజానికి తీరా కనబడ్డాక కాస్త రబ్బరు బొమ్మలాగే ఉంటుంది.

ఇంకా ముందుకెళ్లింది ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999). మంత్రగత్తె ఒక్క ఫ్రేములో కూడా కనబడదు. (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) చివర్లో పాడుబడ్డ ఇంటి నేలమాళిగలోకి పరిగెత్తుకుంటూ వెళ్లిన అమ్మాయికి, తన స్నేహితుడు ఒక మూలకి తిరిగి, గోడకి మొహం పెట్టుకుని, కదలకుండా నిలబడి కనిపిస్తాడు. ఆ అమ్మాయి చేతిలోని కెమెరా కిందపడుతుంది, సినిమా అయిపోతుంది. రక్తం లేదు, కోరలు లేవు. కానీ మొదట్లో ఊరివాళ్లు ఒక హంతకుడి గురించి చెబుతారు. పిల్లల్ని ఇద్దరిద్దరిగా తీసుకెళ్లి, ఒకరిని చంపేటప్పుడు రెండోవారిని మూలకి తిప్పి నిలబెట్టేవాడట. ఆ మాట గుర్తున్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది. మర్చిపోయినవాడు "ఇదేంటి, ఇలా ముగించాడు?" అని లేచిపోతాడు. దాచే సినిమాల్లో సగం బోల్తా పడేది ఇక్కడే. దెయ్యాన్ని దాచొచ్చు గానీ, దాని తీరు ఏంటో, ఎవరి జోలికొస్తుందో మనకి ముందే చెప్పిపెట్టాలి. అదేమీ లేకుండా రెండు గంటలసేపు తలుపులు కిర్రుమనిపిస్తే నిద్రొస్తుంది.

చూపించే పక్షంలో నా దృష్టిలో మొదటి స్థానం జపాన్ సినిమా ‘రింగు’ (1998)ది. టీవీలోంచి పాక్కుంటూ బయటికొచ్చే దెయ్యం సడాకోని చూడనివాళ్లకి కూడా ఆ సీను తెలుసు. దర్శకుడు హిడియో నకాటా ఆ నటిని వెనక్కి నడిపించి, ఆ ఫిల్మును తిరగేసి వాడుకున్నాడు. అందుకే ఆ నడక మనిషిదిలాగే ఉంటూ, ఎక్కడో తేడా కొడుతుంది. తేడా ఏంటో కన్ను వెంటనే పట్టుకోలేదు. అంత దగ్గరికొచ్చినా మొహం నిండా జుట్టే. చివరికి ఒక్క కన్ను మాత్రం చూపిస్తాడు. చూపిస్తూ కూడా దాచడమంటే ఇదీ.

మన ‘అరుంధతి’ (2009) దీనికి పూర్తిగా వ్యతిరేకం. కోడి రామకృష్ణ ఏమీ దాచలేదు. పశుపతి ఎవడో తెలుసు, సమాధిలో ఉన్నాడని తెలుసు, వాడికేం కావాలో తెలుసు. అయినా భయపెట్టాడు. సోనూ సూద్ ఆకారం ఒక ఎత్తు, రవిశంకర్ గొంతు ఒక ఎత్తు. ఆ డబ్బింగ్‌తో ఆయన ఏకంగా బొమ్మాళి రవిశంకర్ అయిపోయాడు. ఇది ‘పాతాళ భైరవి’ (1951)లో ఎస్వీ రంగారావు మాంత్రికుడి దగ్గర్నుంచి మనకి అలవాటైన భయం. పిల్లలు మొహం కప్పుకుని వేళ్ల సందుల్లోంచి చూసేస్తారే, ఆ రకం. థియేటర్లో వందల మంది మధ్య దీనికి సాటి లేదు. ఇంటికొచ్చాక మాత్రం పశుపతి వెంట రాడు. ఆ సమాధి ఎక్కడో కోటలో ఉంది, మనం ఉండేది రెండో అంతస్తు ఫ్లాట్‌లో.

ఫ్లాట్‌లోకే వచ్చింది ‘13బి’ (2009). తర్వాత ‘మనం’ తీసిన విక్రమ్ కె. కుమార్ సినిమా అది. కొత్త అపార్ట్‌మెంట్‌లోకి దిగిన మాధవన్ ఎక్కితే లిఫ్ట్ కదలదు, వేరేవాళ్లు ఎక్కితే కదులుతుంది. పాలు విరిగిపోతుంటాయి. ఆ ఇంట్లో తీసుకున్న ఫొటోలో తన మొహం వంకరపోతుంది. అమ్మావాళ్లు కూర్చుని చూసే సీరియల్‌లో జరిగిందే ఇంట్లో జరుగుతుంటుంది. పాలు విరగడంలో భయమేముంది అంటారా? వరసగా మూడు రోజులు విరగనివ్వండి, తెలుస్తుంది.

మన హారర్‌కి దెబ్బ కొట్టేది చూపించడం కన్నా వివరించడం అని నా గట్టి నమ్మకం. సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్ మొదలవ్వగానే దెయ్యం పాపం మంచిది అయిపోతుంది. ‘కాంచన’ (2011)లో శరత్‌కుమార్ ఎపిసోడ్ చూశాక ఎవరికైనా భయం మిగిలిందా? "చంపెయ్ వాళ్లని" అని మనమే దెయ్యం పక్కన చేరిపోతాం. ఎమోషన్‌గా అది బ్రహ్మాండంగా పండింది, కాదనను. కానీ పగ తీరాక వెళ్లిపోయే దెయ్యంతో మనకి పేచీ ఏముంటుంది? ‘అరుంధతి’లో ఫ్లాష్‌బ్యాక్ ఉండి కూడా భయం తగ్గలేదంటే, అందులో పశుపతి మీద జాలి కలిగేది ఒక్కటీ లేకపోవడమే కారణం. వాడు బతికుండగానే అంత.

హీరో కూడా ఒక అడ్డే. మొదటి ఫైట్‌లో పదిమందిని గాల్లోకి లేపినవాడు చీకటి గదిలోకి వెళ్తుంటే మనకెందుకు టెన్షన్? ‘మసూద’ (2022)లో తిరువీర్ వేసిన గోపి పిరికివాడు. వాడు తలుపు తోసేటప్పుడు మన చేతులు చల్లబడతాయి.

ఇన్ని చూశాక కూడా నా లెక్క దాచడం వైపే. చివరి పదిహేను నిమిషాల దాకా దాచాలి, తర్వాత ఒక్కసారి చూపించాలి, ఎందుకొచ్చిందో పూర్తిగా విప్పి చెప్పకూడదు. ‘రింగు’ దాదాపు ఈ దారిలోనే వెళ్లింది, అందుకే నా లిస్టులో అన్నిటికన్నా పైన ఉంటుంది. బంధువులంతా కలిసిన పండగ రాత్రయితే మాత్రం నేనూ ‘అరుంధతి’యే పెట్టమంటాను. పదిమందిలో కూర్చుని ‘బ్లెయిర్ విచ్’ పెడితే పావుగంటలో ఎవరో ఒకరు రిమోట్ లాక్కుంటారు. దాచే సినిమాలకి ఒంటరిగా కూర్చోవాలి, ఫోన్ పక్క గదిలో పెట్టాలి, హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంకా మంచిది.