విద్యార్థుల పాట వీడియోకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం: వాడి చూసిన అనుభవం

తిరుపతిలోని మా డిగ్రీ కళాశాల విద్యార్థులు తామే రాసి, బాణీ కట్టి, పాడుకున్న నాలుగు నిమిషాల పాటకు ఈ ఏడాది వార్షికోత్సవం కోసం వీడియో తీయాలని పూనుకున్నప్పుడు, వారికి తోడుగా నిలిచే బాధ్యత నా మీద పడింది. మా దగ్గర ఉన్నవి రెండు ఫోన్లు, ఒక ట్రైపాడ్, ల్యాబులో 16 జీబీ ర్యామ్ గల ఒక కంప్యూటర్. ఎడిటింగుకు ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ ఉచితంగా అందించే డావిన్సీ రిజాల్వ్‌ను ఎంచుకున్నాం. నెలన్నర వాడిన మీదట నా అభిప్రాయం ఏమిటంటే, విద్యార్థుల పాటకు ఈ ఉచిత రూపం పూర్తిగా సరిపోతుంది. అయితే కెమెరా పట్టుకోక ముందే కొన్ని అంకెలు తేల్చుకోని వారికి అది చాలా పని పెడుతుంది.

ఆ అంకెల్లో మొదటిది ఫ్రేమ్ రేటు. రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్టు తెరిస్తే సెకనుకు 24 ఫ్రేములని ముందే పెట్టి ఉంటుంది. ఒకసారి క్లిప్పులు లోపలికి వచ్చాక ఆ ప్రాజెక్టు ఫ్రేమ్ రేటును మార్చడం కుదరదు. మేము చిత్రీకరించింది 25 ఫ్రేముల్లో. ఈ సంగతి గమనించేసరికి మా పిల్లలు పల్లవి మొత్తం కూర్చేశారు, అది మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. తప్పు మాదే, సెట్టింగుల పేజీ చూడకుండా పనిలోకి దిగడం మనకు అలవాటే కదా.

25 ఫ్రేములు ఎంచుకోవడానికి కారణం మన కరెంటు. దేశమంతటా విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి. షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును లోనికి తీసుకునే సమయం, 50వ వంతు సెకను ఉంటే ఒక్కో ఫ్రేములో సరిగ్గా రెండు మినుకులు పడి వెలుగు నిలకడగా కనిపిస్తుంది. ఫోను తన ఇష్టానికి షట్టరును మార్చుకుంటూ పోతే ఆడిటోరియంలో తీసిన షాట్ల మీద నల్లని చారలు పాకుతాయి. దీనికి అదే సంస్థ ఉచితంగా ఇచ్చే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఎంతో ఉపయోగపడింది. షట్టరు, వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ, రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ మూడింటినీ అందులో కదలకుండా బిగించవచ్చు. ఐఫోన్లకు 2023లో, ఆండ్రాయిడ్‌కు 2024లో వచ్చిన ఈ యాప్ అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేయదు కనుక, ఎవరి ఫోనులో ఎక్కుతుందో ముందే చూసుకోవాలి.

ప్రణాళికకు మేము ఖరీదైనదేదీ వాడలేదు. గూగుల్ షీటులో పాటను పల్లవి, అనుపల్లవి, రెండు చరణాలుగా విడగొట్టి, డాన్స్ మాస్టర్లు ‘బిట్లు’ అని పిలిచే చిన్న ముక్కలుగా రాసుకున్నాం. ప్రతి బిట్టు ఎదురుగా అది పాటలో ఏ సెకను దగ్గర మొదలవుతుందో, ఎక్కడ తీయాలో, ఏ వేళ తీయాలో ఉండేది. చంద్రగిరి రాజమహల్ పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, ముందస్తు అనుమతి లేకుండా చిత్రీకరణ కుదరదు. అందువల్ల ఆ ఆలోచన షీటులోనే ఆగిపోయింది. శేషాచలం కొండలు వెనుక కనిపించే కళాశాల మేడ, స్వర్ణముఖి ఇసుక, ఆడిటోరియం మిగిలాయి. ఎండ ముదిరితే ముఖాల మీద నీడలు గట్టిపడతాయి, ఫోన్లు కూడా వేడెక్కి మొండికేస్తాయి కనుక పగటి వేళ ఆరుబయటి షాట్లన్నీ ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపే ముగించాం.

ఏటి ఇసుకలో ఒక చిత్రమైన సంగతి ఎదురైంది. పాట వినిపించే స్పీకరును ఫ్రేములో కనబడకుండా దూరంగా పెట్టాం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక, పద్నాలుగు మీటర్ల దూరంలో నిలబడిన గాయని పెదవులు దాదాపు ఒక ఫ్రేము ఆలస్యంగా కదిలాయి. ఎడిటింగులో ఆ షాట్లను ఒక్క ఫ్రేము ముందుగా మొదలయ్యేలా జరపగానే కుదురుకున్నాయి. రెండో చరణంలో చున్నీ, ఇసుక నెమ్మదిగా ఎగరాలి గానీ పెదవులు మాత్రం పాటతో కలవాలని పిల్లలు పట్టుబట్టారు. అందుకు పాటను రెట్టింపు వేగంతో వినిపించి, 50 ఫ్రేముల్లో తీసి, 25 ఫ్రేముల వేగంతో నడిపించాం. రెట్టింపు వేగంతో పాడుతున్న ఆ అమ్మాయిని చూసి గట్టు మీది గొర్రెల కాపరులు నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది. తెర మీద మాత్రం ఆ షాటే అందరి మెప్పూ పొందింది.

రిజాల్వ్ తన విలువ చూపించింది క్లిప్పులను పాటతో కలిపే దగ్గర. ఫోనులో పడిన ధ్వని తరంగాన్ని అసలు పాట తరంగంతో పోల్చి, క్లిప్పులన్నింటినీ తనంతట తానే వరుసలో పెట్టింది. మేము ఒక రోజు పడుతుందనుకున్న పని అలా నిమిషాల్లో తేలిపోయింది. అయితే రెండో ఫోనులో మామూలు కెమెరాతో తీసిన మృదంగం షాటు మొదట్లో కలిసి, పోనుపోను తప్పింది. ఆ కెమెరా ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచకపోవడమే కారణం. మృదంగం మీద చేయి పడే క్షణం తప్పితే కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఆ క్లిప్పును ముందుగా స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకున్నాకే దారికొచ్చింది.

రంగులు దిద్దే పేజీ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఉదయపు ఇసుకను, ఆడిటోరియం పసుపు వెలుగును ఒకే పాటలో ఇముడ్చడానికి వెలుగును, రంగులను గీతల్లో కొలిచి చూపే స్కోపులు చూస్తూ పనిచేయడం మా పిల్లలు అక్కడే నేర్చుకున్నారు. ల్యాబు కంప్యూటరుకు 4కె క్లిప్పులు బరువైనప్పుడు ప్రాక్సీలు, అంటే ఎడిటింగు కోసం తేలికపరచిన నకళ్లు, తయారుచేసుకుంటే టైమ్‌లైన్ తేలికగా నడిచింది. విజువల్ ఎఫెక్టులు చేసే ఫ్యూజన్ పేజీని మాత్రం ఆ యంత్రంతో మేము ముట్టుకోలేదు.

ల్యాబుల్లో వాడే వారికి ఒక హెచ్చరిక. రిజాల్వ్ ప్రాజెక్టు విడి ఫైలుగా ఉండదు, ఆ కంప్యూటరులోని డేటాబేసులో ఉంటుంది. వీడియోల ఫోల్డరును పెన్ డ్రైవులోకి ఎక్కించుకుని ఇంటికి వెళ్తే ఎడిటింగు వెంట రాదు; ప్రాజెక్టును ప్రత్యేకంగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. అలాగే కొత్త వెర్షనులో తెరిచి దాచిన ప్రాజెక్టు పాత వెర్షనులో తెరుచుకోదు కనుక, అందరి దగ్గరా ఒకే వెర్షను ఉండాలి.

ఉచిత రూపం నుంచి అల్ట్రా హెచ్‌డీ వరకు, సెకనుకు 60 ఫ్రేముల దాకా వీడియో బయటికి తీయవచ్చు, మామూలుగా వాడితే దాని మీద వాటర్‌మార్క్ ముద్ర కూడా పడదు. డబ్బు పెట్టి కొనే స్టూడియో రూపానికే పరిమితమైన ఎఫెక్టును తగిలిస్తే మాత్రం ముద్ర ప్రత్యక్షమవుతుంది. చీకట్లో తీసిన షాట్లలోని మచ్చలను తగ్గించే నాయిస్ రిడక్షన్ కూడా ఆ కోవకే చెందుతుంది. దీపాలు సరిగా లేకుండా రాత్రి మేడ మీద తీసిన ఒక షాటులో మాకు దాని అవసరం కనిపించింది. దాని కోసం కొనాలా అని ఒక పూటంతా తర్జనభర్జన పడి, చివరికి ఆ షాటునే తీసేసి మృదంగం షాటును ఇంకో నాలుగు సెకన్లు పొడిగించాం.