ఆరేళ్ళుగా వాడుతున్న సుగంధ నూనెలు: ఏవి ఉంచుకున్నాను, ఏవి మానేశాను

మా ఇంటి అలమరాలో ఇప్పుడు నాలుగే సీసాలున్నాయి. నీలగిరి తైలం, లవంగ నూనె, నిమ్మగడ్డి నూనె, టీ ట్రీ ఆయిల్ (ఇది ఒక ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నూనె, మన తేయాకుది కాదు). మూడేళ్ళ క్రితం పద్నాలుగు ఉండేవి. 2019లో మొదలుపెట్టాను, ఈ ఆరేళ్ళలో కొన్నిటికి పెట్టిన డబ్బు దండగైంది, కొన్ని మాత్రం ఉప్పూ పసుపూ లాగా ఇంట్లో లేకపోతే తోచని వస్తువులైపోయాయి. కొత్తగా కొందామనుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో స్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను, అంతే.

ముందు నీలగిరి తైలం. ఇది మనకి కొత్తదేం కాదు. ఊటీ వెళ్ళినవాళ్ళు తప్పకుండా ఒక సీసా తెచ్చేవాళ్ళు, అమృతాంజనంలోనూ జిందా తిలిస్మాత్‌లోనూ కర్పూరంతో పాటు ఇది కూడా ఉంటుంది. ముక్కు దిబ్బడేసి రాత్రంతా నోటితో ఊపిరి పీల్చుకునే జలుబు వచ్చినప్పుడు దీనితో ఆవిరి పడితే నాకు రెండు మూడు గంటలు హాయిగా నిద్ర పడుతుంది. జలుబు తగ్గిపోతుందని చెప్పను, దాని రోజులు అది తీసుకుంటుంది, కానీ ఆ రాత్రి గడవడం ముఖ్యం కదా. మొదట్లో ఏడెనిమిది చుక్కలు వేసేదాన్ని, కళ్ళు మండిపోయేవి. ఇప్పుడు రెండే చుక్కలు, పొయ్యి ఆపేసి, గిన్నె కదలని చోట పెట్టి, కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు. కరోనా రోజుల్లో అందరం రోజుకి నాలుగైదు సార్లు ఆవిరి పట్టాం, అప్పుడే మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడకి మరిగిన నీళ్ళ గిన్నె ఒళ్ళో ఒలికి తొడలు కాలాయి. అందుకే గిన్నె మంచం మీద పెట్టుకోవద్దని ప్రతివాళ్ళకీ చెబుతుంటాను.

పిల్లల విషయం మాత్రం కాస్త ఎక్కువే రాయాలి. మా మరిది కొడుకు ఎనిమిది నెలల వాడు, జలుబు చేస్తే మా అత్తయ్య గుడ్డలో కర్పూరం మూటకట్టి మెడకి కట్టారు, ఛాతీ మీద నీలగిరి తైలం రాయబోయారు. "మా రోజుల్లో పిల్లలందరికీ ఇదే రాసేవాళ్ళం కదమ్మా, ఎవరికేమైంది?" అన్నారు. నేనూ అప్పటికి అదే అనుకునేదాన్ని. మర్నాడు పిల్లల డాక్టరు ఆ మూట చూసి వెంటనే తీయించారు. కర్పూరం గానీ నీలగిరి తైలం గానీ పసిపిల్లల నోట్లోకి పోతే, కొంచెమే అయినా సరే, ఫిట్స్ రావచ్చని, రెండేళ్ళ లోపు పిల్లలకి ఈ ఘాటు వాసనల మందులేవీ ముక్కు దగ్గరికి తేవద్దని వివరంగా చెప్పారు. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దని, సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి రమ్మని కూడా అన్నారు. ఆ రోజు నుంచి మా సీసాలు పై అరలో, తాళం లోపల ఉంటున్నాయి. అత్తయ్య కూడా ఇప్పుడు వీధిలో బాలింతలందరికీ ఈ మాటే చెబుతున్నారు, అది చూస్తే నాకు చాలా సంతోషం.

లవంగ నూనె సంగతి. 2021 మేలో, లాక్‌డౌన్‌లో, నాకు దవడ పన్ను నొప్పి మొదలైంది. తెరిచిన క్లినిక్ దొరకలేదు. దూది ఉండని ఒక్క చుక్క నూనెతో తడిపి పుచ్చిన చోట పెడితే పది నిమిషాల్లో తిమ్మిరెక్కి నొప్పి అణిగేది. ఇందులో ఎక్కువ భాగం యూజెనాల్ అనే తిమ్మిరెక్కించే పదార్థం, డెంటిస్టులు తాత్కాలికంగా నింపే సిమెంటులో కలిపేదీ అదే, జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడతారు. కాబట్టి ఇది వట్టి నమ్మకం కాదు, పని చేస్తుంది. నా తప్పెక్కడంటే, నొప్పి అణిగింది కదా అని క్లినిక్కులు తెరిచాక కూడా మూడు వారాలు ఇలాగే నెట్టుకొచ్చాను. రోజుకి నాలుగైదు సార్లు పెట్టడంతో చిగురు తెల్లగా కాలింది, లోపల చీము పట్టింది, చివరికి రూట్ కెనాల్ చేయించుకోక తప్పలేదు. ఒకటి రెండు రాత్రులు గడపడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. మూడో రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిమ్మగడ్డి నూనె. దానికి కారణం ఉంది, అది తయారవడం నా కళ్ళతో చూశాను. మా బావగారు నల్గొండ వైపు రెండెకరాల్లో నిమ్మగడ్డి వేశారు. వేరుశనగ వేస్తే అడవి పందులు, కూరగాయలు వేస్తే కోతులు, ఏదీ చేతికి రానిచ్చేవి కావు. ఈ గడ్డిని అవి ముట్టుకోవు. నాటిన నాలుగైదు నెలలకి మొదటి కోత, తర్వాత రెండు మూడు నెలలకొకసారి కోసుకోవచ్చు, ఒకసారి నాటితే ఐదేళ్ళ దాకా ఉంటుంది. కోసిన గడ్డిని ఒక పూట వాడనిచ్చి పెద్ద స్టీలు డ్రమ్ములో కూరి, కింద నుంచి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి చల్లటి నీళ్ళలో ఉన్న గొట్టంలోంచి వచ్చి నీళ్ళుగా మారి డబ్బాలో పడుతుంది, పైన లేత పసుపు రంగులో నూనె తేలుతుంది. టన్ను గడ్డి వేస్తే వచ్చేది నాలుగైదు కిలోలు. ఆ వాసన మా బట్టలకి రెండు ఉతుకుల దాకా పోలేదు. ఇంత గడ్డికి ఇంతే నూనె అని చూశాక, బజారులో వంద రూపాయలకి పెద్ద సీసా ఇస్తామంటే నేను నమ్మను.

దీన్ని ఎక్కువగా ఇల్లు తుడవడానికే వాడతాను. నూనె నీళ్ళలో కలవదు, పైన తేలి నేల మీద చారలు పడుతుంది, అందుకని అర గ్లాసు కుంకుడు రసంలో పదిహేను చుక్కలు వేసి బాగా గిలకొట్టి ఆ తర్వాత బకెట్ నీళ్ళలో పోస్తాను. వానాకాలంలో ఇంట్లో ముక్కవాసన పోతుంది, ఈగలు తగ్గుతాయి. దోమలకి మాత్రం అంత నమ్మకం లేదు, గంట సేపు దూరంగా ఉంటాయి, తర్వాత మామూలే. డెంగ్యూ రోజుల్లో దోమతెర కట్టుకోవాల్సిందే.

ఒకసారి సాయంత్రం వాకింగ్‌కి వెళ్తూ దోమలు కుట్టకుండా ఈ నూనె నేరుగా చేతులకి పూసుకున్నాను. పది నిమిషాల్లో మంట, తెల్లారేసరికి బొబ్బలు, తగ్గడానికి వారం పైనే పట్టింది. అప్పటి నుంచి ఏ నూనెకైనా నా లెక్క ఒకటే. మిల్లీలీటరుకి సుమారు ఇరవై చుక్కలు అనుకుంటే ఐదు మిల్లీలీటర్ల చెంచా కొబ్బరి నూనెకి ఒక చుక్క వేస్తే ఒక శాతం, రెండు వేస్తే రెండు శాతం. అంతకు మించి ఒంటికి రాయను, అదీ ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగాకే. గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఏదీ వాడకపోవడం మంచిది.

టీ ట్రీ ఆయిల్ మా అమ్మాయి మొటిమల కోసం తెచ్చాను. 1990లో ఆస్ట్రేలియాలో ఐదు శాతం టీ ట్రీ జెల్‌ని మొటిమలకి రాసే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు, నెమ్మదిగా పని చేస్తుంది కానీ చర్మం అంతగా ఎండిపోదని తేలింది. మా అమ్మాయికీ అలాగే జరిగింది, రెండు నెలలు పట్టింది. పిల్లులున్న ఇంట్లో జాగ్రత్త, వాటికి ఇది విషం.

మానేసినవి చాలా ఉన్నాయి. రోజ్‌మేరీ ఆరు నెలలు తలకి రాశాను, నా జుట్టులో తేడా రాలేదు. లావెండర్ వాసన బాగుంటుంది, ఖరీదు ఎక్కువ. గదిలో వాసన వెదజల్లే డిఫ్యూజర్‌లో వేసి రాత్రంతా ఉంచితే మా వారికి ఉన్న ఉబ్బసం ఎక్కువైంది, అది చూశాక డిఫ్యూజరే తీసేశాను. పెప్పర్‌మింట్ నూనె తలనొప్పికి నుదుటికి రాస్తే నిజంగానే ఉపశమనం ఉంటుంది, జర్మనీలో పది శాతం ద్రావణాన్ని టెన్షన్ తలనొప్పికి మందుగానే వాడతారు, కాకపోతే నాకు అమృతాంజనంతోనే ఆ పని అవుతోంది కాబట్టి మళ్ళీ కొనలేదు. గ్లాసు నీళ్ళలో ఒక చుక్క వేసుకుని తాగమని సలహాలిస్తుంటారు, ఏ నూనెనీ అలా తాగకండి.

కొనేటప్పుడు నేను చూసేవి కొన్నే. ముదురు రంగు గాజు సీసా, మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు ఉండాలి. ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్న నిమ్మగడ్డి నూనె చుక్క తెల్ల కాగితం మీద వేస్తే మర్నాటికి కూడా జిడ్డు మరక అలాగే ఉంది, అంటే ఏదో మామూలు నూనె కలిపారు. బావగారి నూనె మరక లేకుండా ఆరిపోయింది. గంధం, వట్టివేరు లాంటి చిక్కటి నూనెలకి ఈ పరీక్ష పనికిరాదు. పాతబడిన టీ ట్రీ, నిమ్మ జాతి నూనెలు దురద పుట్టిస్తాయి, ఏడాది దాటితే నేను ఒంటికి వాడను, ఇల్లు తుడిచే నీళ్ళలో కలిపేస్తాను.

ఒక్క సీసాతో మొదలుపెట్టాలనుకుంటే నీలగిరి తైలం కొనండి, 30 మిల్లీలీటర్లది చాలు, మూత తీసిన తేదీ సీసా మీద రాసుకోండి. ఇంట్లో రెండేళ్ళ లోపు పిల్లలుంటే మాత్రం ఇప్పుడే అది వద్దు, నిమ్మగడ్డి నూనె తెచ్చుకుని పిల్లలకి అందనంత పైన పెట్టి, ఇల్లు తుడవడానికి మాత్రం వాడండి.