దూరపు చుట్టరికం తేల్చాలంటే ఏది మేలు: వరసా, తరాల లెక్కా, కాగితాలా, డీఎన్‌ఏనా?

"మీ నాయనమ్మ మా తాతకు చెల్లెలు వరస అవుతుందండీ" అని పెళ్లిలో ఒకాయన పలకరిస్తారు. ఆ ఒక్క మాటతో పలకరింపుకి కావలసినంత చుట్టరికం కుదిరిపోతుంది. వంశవృక్షం రాసుకునేవాళ్లకి మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. చెల్లెలు అంటే తోడబుట్టిన చెల్లెలా? చిన్నాన్న కూతురా, పిన్ని కూతురా? లేక ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు కాబట్టి అలా పిలుచుకున్నారా? మూడింటికీ వాడే మాట ఒక్కటే. చెట్టులో ఆయన్ని పెట్టాల్సిన చోటు మాత్రం మూడు రకాలుగా మారిపోతుంది.

దీన్ని తేల్చడానికి మనవాళ్లు పట్టే దారులు నాలుగు: పెద్దవాళ్లని వరస అడగడం, మూలపురుషుడి నుంచి తరాలు లెక్కపెట్టడం, పాత కాగితాలు తిరగేయడం, ఈమధ్య వచ్చిన డీఎన్‌ఏ పరీక్ష. అన్నీ చేస్తే మంచిదే అనడం తేలిక. కానీ అందరికీ అంత తీరిక ఉండదు, వివరం తెలిసిన పెద్దవాళ్లు ఎల్లకాలం ఉండరు. అందుకే ఏది ముందో తేల్చుకోవాలి.

వరస లెక్కలో ఉన్న గొప్పతనం దాని వేగం. మధ్యలో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కటీ తెలియకపోయినా పని జరిగిపోతుంది. "మీ అమ్మ నన్ను పిన్నీ అనేది, నువ్వు అమ్మమ్మా అను" అని ఒక పెద్దావిడ అంటే చాలు. దాని వెనకున్న సూత్రమూ గట్టిదే. అన్నదమ్ముల పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పిల్లలూ అంతే. అన్నాచెల్లెళ్ల పిల్లలు మాత్రం ఒకరికొకరు బావలు, వదినలు, మరదళ్లు. ఎన్ని తరాలు దిగినా ఈ సూత్రం తప్పదు. 1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికా పరిశోధకుడు ప్రపంచంలోని రకరకాల జాతుల చుట్టరికాలని పట్టికలుగా అచ్చువేసినప్పుడు తమిళం, కన్నడంతో పాటు తెలుగు వరసలు కూడా అందులో చేరాయి. పట్టికలో పెట్టగలిగినంత క్రమం మన పిలుపుల్లో ఉంది.

తరాల లెక్క పద్ధతి వేరు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకుణ్ణి పట్టుకోవాలి. నా నుంచి ఆయన దగ్గరికి ఎన్ని మెట్లు, అవతలి మనిషి నుంచి ఎన్ని మెట్లు అని ఎంచాలి. రెండింటిలో చిన్న అంకె నుంచి ఒకటి తీసేస్తే ఫస్ట్ కజినా, సెకండ్ కజినా అన్నది వస్తుంది. రెండు అంకెలకీ ఒకటి తేడా ఉంటే 'వన్స్ రిమూవ్డ్', రెండు ఉంటే 'ట్వైస్ రిమూవ్డ్' అంటారు. అమెరికాలో పెరిగిన మన పిల్లలు అడిగేది ఈ లెక్కే.

ఈ రెండింటి తేడా తెలియాలంటే పైన చెప్పిన పెళ్లి చుట్టాన్నే తీసుకుందాం. మా నాయనమ్మ, ఆయన తాత తోడబుట్టినవాళ్లే అని తేలింది అనుకోండి. నా నుంచి మా నాన్న ఒక మెట్టు, నాయనమ్మ రెండు, ఆమె తండ్రి మూడు. ఆయన వైపూ మూడే. మేం సెకండ్ కజిన్స్, లెక్క అయిపోయింది. ఇప్పుడు వరస చూడండి. ఆ తాత ఆయనకి తండ్రి తండ్రి అయితే, ఆయన నాన్న మా నాన్నకి బావ, నాకు మామయ్య. కాబట్టి మేమిద్దరం బావలం. అదే తాత ఆయనకి తల్లి తండ్రి అయితే, ఆయన అమ్మ మా నాన్నకి మరదలు వరస, నాకు పిన్ని. అప్పుడు మేమిద్దరం అన్నదమ్ములం! తరాల లెక్కలో రెండు సందర్భాలకీ ఒకటే జవాబు. వరసలో పూర్తిగా వేరువేరు జవాబులు, ఒక దాంట్లో వాళ్లింటితో పెళ్లి సంబంధం కలుపుకోవచ్చు, రెండో దాంట్లో ఆ ఊసే ఎత్తకూడదు.

కాబట్టి దూరం ఎంతో వరస చెప్పదు, దారి ఏదో తరాల లెక్క చెప్పదు. ఇంతవరకు సమఉజ్జీలే. కానీ వరసకి ఇంకో లోపం ఉంది, వంశచరిత్ర రాసేవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. కొత్త పెళ్లి జరగగానే పాత వరస చెరిగిపోతుంది. దూరపు బాబాయి వరసాయన మన వదిన చెల్లెల్ని చేసుకుంటే, దగ్గర చుట్టరికాన్ని బట్టి పిలుపు మార్చేస్తారు. ఇరవై ఏళ్లు గడిచాక పిల్లలకి కొత్త పిలుపే తెలుస్తుంది. పాత దారి ఎవరో ఒక ముసలావిడ జ్ఞాపకంలో మాత్రమే మిగులుతుంది.

మేనరికాల దగ్గర తరాల లెక్కా తడబడుతుంది. అక్క కూతుర్ని చేసుకున్న ఇల్లు చూడండి. అలాంటి పెళ్లిళ్లు మన పాత కుటుంబాల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. పుట్టిన బాబుకి ఆ అక్క తల్లి తల్లి కాబట్టి అమ్మమ్మ, తండ్రి అక్క కాబట్టి మేనత్త. ఆమె కొడుకు బాబుకి ఇటు మేనమామ, అటు మేనత్త కొడుకు. ఇంట్లో మామయ్యా అనే పిలుస్తారు. తరాల లెక్కలో ఆయన ఒక దారిన ఒక తరం పైన, ఇంకో దారిన అదే తరంలో ఫస్ట్ కజిన్. రెండూ నిజమే, రెండూ రాయాలి. కాగితం మీద చెట్టు గీస్తే ఆ మనిషిని రెండు చోట్ల రాయాల్సి వస్తుంది, తర్వాత చూసినవాళ్లు ఇద్దరు వేరు మనుషులనుకుంటారు. గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మనిషికొక నంబరు ఉంటుంది కాబట్టి ఎన్ని దారులున్నా మనిషి ఒక్కడిగానే ఉంటాడు. మేనరికాలున్న కుటుంబం అయితే చార్టు కాగితం మానేసి మొదటిరోజు నుంచీ దాంట్లోకి వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. భాగపంపకాల దస్తావేజుకి మించిన సాక్ష్యం లేదు. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి వాటా ఎంత అన్నది పేర్లతో సహా ఉంటుంది. తెలంగాణలో పాత పహాణీలు, ఆంధ్రలో అడంగళ్లు అనే భూమి రికార్డులు కొంత ఆసరా. ఇబ్బంది ఏమిటంటే వీటిలో ఆడవాళ్లు దాదాపు కనిపించరు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అంతకుముందు దస్తావేజుల్లో ఆడపిల్ల పేరు లేకపోతే ఆ ఇంట్లో ఆడపిల్లే లేదని అనుకోకూడదు. దూరపు చుట్టాలు చాలావరకు మేనత్తల ద్వారా, నాయనమ్మల పుట్టిళ్ల ద్వారా వచ్చినవాళ్లే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల తరం విడిచి తరం అవే పేర్లు వస్తాయి. తండ్రి పేరూ ఊరూ కలిపి చూడకపోతే తాతని మనవడిగా రాసేస్తాం.

కాగితం కాని ఒక రికార్డు మన ఇళ్లలో ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెప్పిస్తారు. తర్పణాల్లో తల్లి పుట్టింటి వైపు మూడు తరాలు కూడా వస్తాయి. ఆ పేర్లు పురోహితుడి దగ్గరో, ఇంట్లో పాత నోటుబుక్కులోనో ఉంటాయి. మైల సంగతి కూడా అడగండి. "ఆయన పోయినప్పుడు మనం పది రోజులు పట్టామా, మూడు రోజులా, స్నానంతో సరిపెట్టామా?" అంటే పెద్దవాళ్లు వెంటనే చెప్పేస్తారు. స్మృతుల లెక్క ప్రకారం ఏడు తరాల లోపు జ్ఞాతులకి, అంటే మగవైపు దాయాదులకి పది రోజులు, అంతకుమించిన దూరపు దాయాదులకి (సమానోదకులకి) మూడు. కుటుంబాన్ని బట్టి ఆచారం కొంత మారుతుంది. అయినా పది రోజులు పట్టారంటే ఆయన మగవైపు దాయాది అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మధ్యలో పేర్లు తెలియకపోయినా ఏ కొమ్మలో వెతకాలో తెలుస్తుంది.

ఇక డీఎన్‌ఏ. తాతముత్తాతల తాలూకు కాగితం ఒక్కటీ లేనివాళ్లకి, దత్తత విషయం దాచిపెట్టిన ఇళ్లకి ఇది నిజంగా ఉపకారమే. సగటున ఫస్ట్ కజిన్స్‌కి 12.5 శాతం, సెకండ్ కజిన్స్‌కి 3 శాతానికి కాస్త పైన డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది. థర్డ్ కజిన్స్ దగ్గరికి వచ్చేసరికి అది 1 శాతానికి కూడా తక్కువ, పదిమందిలో ఒకరికి అసలు కనిపించకపోవచ్చు. అంటే దూరపు చుట్టరికం దగ్గరే దీని చూపు ఆగిపోతుంది.

మన విషయంలో ఇంకో చిక్కు ఉంది. పైన చెప్పిన మేనమామకీ ఆ బాబుకీ రెండు దారులు కలిసి సగటున 37.5 శాతం వస్తుంది. సవతి అన్నదమ్ములకి వచ్చేది 25. ఆ అంకె ఒక్కటే చూసి ఎవరైనా అంచనా వేస్తే కుటుంబంలో లేని కథ పుట్టుకొస్తుంది. మేనరికం లేకపోయినా, ఒకే కులంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరగడం వల్ల ఏ సంబంధమూ గుర్తులేని ఇద్దరికి కూడా డీఎన్‌ఏ ముక్కలు కలుస్తాయి. భారతదేశంలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా ఉన్న పరిశోధనలు 2009లో, 2017లో చూపించాయి. కాబట్టి పరీక్ష సైట్ 'థర్డ్ కజిన్' అని చూపిస్తే ఇంకా దూరపు చుట్టమే అయ్యుంటారని అనుకుని వెతకండి. పైగా పరీక్షకి మనం ఒక్కరం ఇచ్చిన ఉమ్మితో రక్తసంబంధీకుల వివరమూ కొంత కంపెనీ చేతికి వెళ్తుంది. ట్వెంటీత్రీఅండ్‌మీ అనే డీఎన్‌ఏ పరీక్షల కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పొక్కాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇంట్లో అందరినీ అడగకుండా ఇది చేయించడం నాకు సమ్మతం కాదు.

నన్నడిగితే మొదటి ఓటు పెద్దవాళ్ల నోటి మాటకే, కానీ వరస రాసుకుని వచ్చేయడానికి కాదు. వరస చెప్పగానే "సొంతమా, వరసకా?" అని అడగాలి. సొంతం కాకపోతే "వాళ్ల నాన్న ఎవరు, అమ్మది ఏ ఊరు, ఏ ఇంటిపేరు?" అని ఒక్కో మెట్టూ దిగాలి. రాసేటప్పుడు ఫలానావారి కొడుకు లేదా కూతురు, ఫలానావారి భార్య అన్న రెండు రకాల ముడులే రాయాలి. బాబాయి, బావ అని రాయకండి. ఆ ముడులు సరిగ్గా ఉంటే వరసైనా తరాలైనా ఎప్పుడైనా తీయొచ్చు. పిలుపు మాత్రమే రాసుకుంటే వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఎక్కడ ముడి తెలియదో అక్కడ ఖాళీ వదిలి, దస్తావేజుతో నింపే ప్రయత్నం చేయండి. దత్తత, ఇల్లరికం లాంటి చోట పెద్దలూ కాగితాలూ ఒకదానికొకటి పొసగకపోతేనే డీఎన్‌ఏ.

అడిగే క్రమంలో మేనత్తలు, అమ్మమ్మలు, నాయనమ్మ పుట్టింటివాళ్లు ముందు. మగవైపు పేర్లు దస్తావేజుల్లో ఎలాగూ ఉంటాయి, ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఏ ఆడపిల్లని ఏ ఊరు ఇచ్చారో మాత్రం వాళ్ల నోటితోనే తెలియాలి. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటామని ముందే చెప్పి, వాళ్లు ఒప్పుకుంటే ఈ నెలలోనే వెళ్లి కూర్చోండి.