పామ్ అని అమ్మిన మొక్క మా కుక్క ప్రాణం మీదికి తెచ్చింది: కడపలో మొక్కలు కొనేవాళ్ళు జాగ్రత్త

ఇంట్లో కుక్కో పిల్లో ఉండి నర్సరీలో మొక్కలు కొనేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

పోయిన నెల కడపలోనే ఒక నర్సరీలో 450 రూపాయలు పెట్టి ఒక కుండీ మొక్క కొన్నాను. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంది. కింద అనాసపండులా గరుకైన దుంప, పైన గట్టి ఆకులు, కొనలు తాకితే గుచ్చుకుంటాయి. కొనేముందే అడిగాను, "ఇంట్లో కుక్కపిల్ల ఉందన్నా, నమిలితే ఏమన్నా అవుతుందా?" అని. "పామ్ అక్కా ఇది, ఏం కాదు. ముళ్ళుంటాయి కదా, కుక్కలు దగ్గరికే రావు" అన్నాడు. చీటీ మీదా పామ్ అనే ఉంది. ఫోన్‌లో వెతికితే పామ్ వల్ల కుక్కలకు ప్రమాదం లేదని వచ్చింది. అది అరెకా పామ్ సంగతి. నేను కొన్నది సైకస్. సాగో పామ్ అని పిలుస్తారు గానీ అసలది పామ్ జాతే కాదు.

మా చిట్టి ఏడు నెలల నాటు కుక్కపిల్ల. ఆకుల జోలికి పోలేదు, మట్టి తవ్వి దుంపనే కొరికింది. సాయంత్రం చూస్తే వరండా నిండా మట్టి, పీచు పీచుగా దుంప ముక్కలు. రాత్రి మూడుసార్లు కక్కింది, నోట్లోంచి ఒకటే చొంగ. ఎండదెబ్బేమో, మజ్జిగ పట్టండి అన్నారు మా అత్త. కడప ఎండలు తెలిసినవే కదా, మేమూ అదే అనుకున్నాం. తెల్లారేసరికి లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే తోక కొస మాత్రం కదిలింది.

మిగిలిన దుంప ముక్క, మొక్క ఫోటో తీసుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఫోటో చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "తిని ఎన్ని గంటలైంది?" సైకస్‌లో సైకాసిన్ అనే విషం ఉంటుందట. ఆకు, వేరు, దుంప, అన్నిట్లోనూ ఉంటుంది. గింజల్లో మరీ ఎక్కువ, ఒకటి రెండు తిన్నా కుక్క చనిపోవచ్చు. మొదట వాంతులు, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. విరుగుడు లేదు. తిన్న కాసేపటికే తెస్తే డాక్టరే కక్కించి, బొగ్గు మందు తాపించి విషం ఒంటికి పట్టకుండా చూడగలరు. ఆ సమయాన్ని మేం మజ్జిగతో పోగొట్టాం. ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు, రక్త పరీక్షలు చేశారు. మూడో రోజు చిగుళ్ళు పచ్చబడ్డాయి. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. చిట్టి బతికింది. లివర్ మందు ఇంకా వాడుతున్నాం.

అందుకే చెప్తున్నా, చీటీ మీది పేరును నమ్మి కొనొద్దు. ముందు ఫోటో తీసి మీ పశువుల డాక్టర్‌కు చూపించండి, ఆ తర్వాతే డబ్బులివ్వండి. లిల్లీ అనే పేరుతోనూ ఇదే తంటా. మనం మూరల లెక్కన కొనే లిల్లీ పూలు వేరు. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీలు పిల్లులకు కిడ్నీలు పోగొడతాయి, ఒంటికంటిన పుప్పొడి నాకినా చాలు. గన్నేరు, పచ్చగన్నేరు, ఇప్పుడు అందరూ కొంటున్న ఎడారి గులాబీ గుండెను దెబ్బతీస్తాయి. మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా నమిలితే నోరు మండి వాస్తుంది.

మీ కుక్కో పిల్లో ఏదైనా తిన్నట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్ళు తాపించి కక్కించొద్దు, ఉప్పే విషమవుతుంది. ఆ మొక్క కొమ్మ ఒకటి చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నర్సరీకి మళ్ళీ వెళ్ళాను. డబ్బు అడగలేదు, చీటీ మార్చమని మాత్రం అడిగాను. సరే అన్నాడు. నిన్న అటువైపు వెళ్తూ చూశాను. బయట వరసగా ఏడెనిమిది సైకస్ కుండీలు, అన్నిటికీ అదే పామ్ చీటీ.