పల్లె చర్చిలో పర్యావరణ కళా ప్రదర్శన: లైకెన్ల బొమ్మల కోసమైనా వెళ్లి చూడండి

ఊరివాళ్లే తయారు చేసిన కళాఖండాలతో ఒక చిన్న పల్లె చర్చిలో ఏర్పాటైన ఈ పర్యావరణ ప్రదర్శనలో అన్నీ ఒకే స్థాయిలో లేవు. అయితే ఉత్తరపు గోడ వెంట వరుసగా పెట్టిన లైకెన్ల (రాళ్ల మీద మచ్చల్లా పెరిగే జీవుల) చిత్రాలు మాత్రం ఏ పెద్ద గ్యాలరీలోనైనా నిలబడతాయి.

చర్చి ఆవరణలోని సమాధి రాళ్ల మీద పెరిగిన లైకెన్లను పిల్లలూ పెద్దలూ కలిసి పరిశీలించి, ఉన్నంత పరిమాణంలోనే నీటిరంగులతో చిత్రించి, ప్రతి బొమ్మ కిందా ఆ రాతిపై చెక్కిన సంవత్సరాన్ని రాశారు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే ఈ జీవుల్లో, రాతిని అంటిపెట్టుకుని పెరిగే చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరైనా విస్తరించవు. అందుకే గోరంత మచ్చను, దాని కింది సంవత్సరాన్ని కలిపి చూసినప్పుడు, అది అంత మాత్రమైనా పెరగడానికి ఎంతకాలం పట్టిందో ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. ఒక బొమ్మలో బూడిదరంగు అంచు పగిలి, ఆ పగులులోంచి నారింజరంగు రకం మరొకటి చొరబడడాన్ని ఎంతో ఓపికగా గీశారు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే సున్నితమైన లైకెన్లు ముందుగా కనుమరుగవుతాయన్న ఒక్క వాక్యం తప్ప పక్కన వేరే వ్యాఖ్యానం లేదు, అదే సరిపోయింది.

పై అంతస్తు పిట్టగోడ నుంచి వేలాడదీసిన అల్లిక వస్త్రం కూడా బాగుంది. వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో ప్రాచుర్యంలోకి తెచ్చిన చారల పద్ధతిని అనుసరించి, ఏడాదికొక వరుస చొప్పున, చల్లని సంవత్సరాలకు నీలం, వేడి సంవత్సరాలకు ఎరుపు నూలు వాడారు. కింది భాగానికి వచ్చేసరికి నీలం పూర్తిగా ఆగిపోతుంది.

నన్ను నిరాశపరిచింది బలిపీఠం ముందు ప్లాస్టిక్ సీసాలూ మూతలతో చేసిపెట్టిన పెద్ద భూగోళం. అన్నిటికన్నా మంచి చోటు దానికే ఇచ్చారు. సీసాలూ మూతలూ సాధారణంగా వేర్వేరు ప్లాస్టిక్కులు. వాటిని జిగురుతో అతికించి, పైన రంగు పూశాక విడదీసి రీసైక్లింగ్‌కు పంపడం దాదాపు అసాధ్యం. వ్యర్థాలను తగ్గించమని చెప్పే కళాఖండం తానే తిరిగి వాడలేని వ్యర్థంగా మిగలడం బాధాకరం. చుట్టూ ఉన్న నినాదాల పోస్టర్లు ఎక్కడైనా కనిపించేవే. ఈ ఊరి వాగు గురించి గానీ, ఈ చర్చి చూరులో గూడు కట్టే పక్షుల గురించి గానీ వాటిలో ఒక్క మాట లేదు.

అమరికలోనూ ఒక లోపాన్ని వెంటనే సరిదిద్దాలి. ఎండ నేరుగా పడే కిటికీకి ఆనించి ఎండుటాకుల పటాలను పెట్టారు. మ్యూజియాల్లో ఇటువంటి సున్నితమైన వస్తువులకు దాదాపు 50 లక్సుల వెలుతురునే పరిమితిగా పాటిస్తారు. ఆ కిటికీ దగ్గర అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, ఆకుల రంగు త్వరగా వెలిసిపోతుంది.

లైకెన్ల బొమ్మలకు అంకెలు వేసి, ఏది ఏ సమాధి మీదిదో చూపే చిన్న పటాన్ని గుమ్మం దగ్గర ఉంచితే, చూసినవారు బయటికి వెళ్లి అసలు లైకెన్లను వెతుక్కోగలుగుతారు. అలాగే, ప్రదర్శనకు జనం వస్తున్నారని ఆ రాళ్లను తోమి శుభ్రం చేసే ఆలోచన ఉంటే దయచేసి మానుకోవాలని నిర్వాహకులకు నా విన్నపం.